పరీక్ష పాసైన సరుకు

అశ్వత్థనారాయణతో కాపురం చేయాలంటే ఓపిక ఒక్కటే చాలదు, చేతిలో చీపురు కూడా ఉండాలి. ఆయన ఇంటికి తెచ్చే ప్రతి వస్తువూ ఎవరో ఒకరి మట్టిని వెంటబెట్టుకునే వస్తుంది మరి.

హిందూపురంలో చింతపండు మండీ ఆయనది. పూర్తి ధర ఇచ్చి ఏదైనా కొంటే ఆ పూట అన్నం సయించదు. డాక్టరుకు ఈ సంగతి తెలియదు. షుగరు కాళ్లలోకి దిగిందనీ, ఎడమ పాదం అప్పుడే మొద్దుబారిందనీ, ఇకనైనా నడవకపోతే అది దక్కదనీ చెప్పాడు. వట్టి చెప్పులతో వద్దు, మంచి బూట్లు కొనుక్కోమన్నాడు.

అంగట్లో బూట్ల ధర చూసి అశ్వత్థనారాయణ వచ్చిన దారినే తిరిగి వచ్చేశాడు.

"ఆ దుడ్లకు కాళ్లే కొత్తవి వస్తాయి. బూట్లు లేకుండా నడవొద్దని డాక్టరు చెప్పె. బూట్లు నేను కొనను. ఇంకేం నడిచేది?" అని మళ్లీ మండీ గద్దె మీద చతికిలబడ్డాడు.

భార్య పుష్పావతి ఏడ్చి చూసింది, అన్నం మాని చూసింది. ఆయన కదల్లేదు.

కొన్నాళ్లకు షఫీ నుంచి ఫోన్ వచ్చింది. రైల్వే స్టేషన్ దారిలో అతని అంగడి. కొన్నవాళ్లు నచ్చక వాపసు చేసిన సరుకు బెంగళూరు గోడౌన్ల నుంచి తెచ్చి తక్కువకు అమ్ముతాడు. కొండలెక్కేవాళ్ల బూట్లు, గుడారాలు, వానకోట్లు. అశ్వత్థనారాయణకు అది గుడితో సమానం.

"ఏమప్పా షఫీ, ఇంత మంచి బూట్లు సగం ధరకెందుకిస్తాండావు?"

"ఎవరో సాఫ్ట్‌వేర్ పిల్లోడన్నా. ఒక్క తూరి కొండెక్కి, వద్దని తిప్పి పంపినాడు. చూడు, మట్టి గూడా పోలేదు."

కాలు పెడితే కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

పుష్పావతి గడప దగ్గరే అడ్డం నిలబడింది.

"ఎవరి చెమటో ఏమో! ఆ బూట్లు ఇంట్లోకి తేవద్దండి."

"ఏమే, కొత్తదైతే యాడ తెగుతాదో ఎవరికి తెలుసు? ఇది ఒకడు తొడిగి చూసిన సరుకు. పరీక్ష పాసైంది!"

"వారం తిరక్కుండా అటకెక్కుతాయి, రాసుకోండి."

"అటకెక్కవే, పెనుకొండ ఎక్కుతాయి!"

అన్న పాపానికి ఎక్కక తప్పలేదు. మొదటి ఆదివారం సగం కొండకే రొప్పుతూ దిగి వచ్చాడు.

"సగం ధరకు సగం కొండే కదా," అంది పుష్పావతి మజ్జిగ అందిస్తూ.

ఆ మాట పడినందుకు రోజూ పొద్దున్నే హిందూపురం వీధులన్నీ తిరిగాడు. కొన్ని వారాలకు పైదాకా వెళ్లి, కోట గోడ పక్కన నిలబడి ఫొటో పంపాడు. షఫీ దగ్గర వాపసు చేతికర్ర దొరికింది, తర్వాత వాపసు టోపీ. తెచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఒక రభస. రభస జరిగిన ప్రతిసారీ ఆయన నడక ఇంకాస్త పొడుగు.

ఈసారి డాక్టరు పాదానికి సూది మొన ఆనించగానే అశ్వత్థనారాయణ "అమ్మో!" అని ఎగిరిపడ్డాడు. పేషెంటు అరిచినందుకు డాక్టరు అంత సంతోషించడం నర్సు ఎప్పుడూ చూడలేదు.

ఆ ఆదివారం ధర్మవరం నుంచి బావమరిది మనోహర్ వచ్చాడు. భోజనాలయ్యాక అశ్వత్థనారాయణ కాళ్లు బారజాపి, పెరట్లో ఉన్న భార్యకు వినబడేలా మొదలుపెట్టాడు.

"మనోహరూ, నా కాలు కాపాడింది డాక్టరు గాదప్పా, వాపసు సరుకు! మీ అక్క నోటితో ఆ ఒక్క మాట ఒప్పుకోమను. భుజానికేసుకునే బ్యాగొకటి గూడా వస్తాందంట, షఫీ చెప్పినాడు. అది తెస్తే మళ్లీ ఎంత గలాటా చేస్తాదో!"

"ఒప్పుకోరాదా అక్కా, బావ అంతగా అడుగుతాండాడు," అన్నాడు మనోహర్, నవ్వు దగ్గులో దాచుకుంటూ.

"నాదే తప్పండీ, వాపసు సరుకును మించింది లేదు!" అని పెరట్లోంచి గొంతెత్తి ఒప్పుకుంటూనే పుష్పావతి, తమ్ముడి చేత ధర్మవరంలో పూర్తి ధరకు కొనిపించిన సరికొత్త బ్యాగును, షఫీ అంగడికి పంపే ముందు అన్నిటికీ చేసినట్టే ఎర్రమట్టిలో ఇంకోసారి బాగా పొర్లించింది.