ఇత్తడి గొట్టం

"ఒక్క ముక్క రాసివ్వవయ్యా. ఆ రోజు పొద్దున చూశాను, గొట్టం శుభ్రంగానే ఉంది అని. నీ లైసెన్సు నీకొచ్చేస్తుంది. గడువు ఇవాళ అయిదింటిదాకే" అన్నాడు ఫ్లయింగ్ క్లబ్బు సెక్రటరీ తిరుపతిరావు.

రహమతుల్లా తలెత్తలేదు. కిరోసిన్ స్టవ్వుకి టంకం పెడుతున్నాడు. ఇరవై రెండేళ్లు విమానాలు బాగుచేసిన మనిషి, ఆరేళ్లుగా వన్ టౌన్‌లో స్టవ్వులు బాగుచేస్తున్నాడు.

"చూడలేదని అప్పుడే రాశాను కదండీ."

"నువ్వు చూడకుండా వదిలే మనిషివా?"

రహమతుల్లా స్టవ్వుని రెండో పక్కకి తిప్పి టంకం పెట్టసాగాడు. తిరుపతిరావు కాగితం బల్ల మీద పడేసి, విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆ గొట్టం సంగతి చెప్పాలి. క్లబ్బుది ఎప్పటిదో పాత చిన్న విమానం. దాని పక్కన, బయటే, జానెడు ఇత్తడి గొట్టం. నడుం సన్నగా ఉంటుంది. విమానం ఎగిరితే గాలి అందులోంచి దూసుకుపోతుంది. ఆ గాలి లాగుడుకే లోపల డయల్లో చక్రం తిరుగుతుంది. మబ్బులో నేల కనబడనప్పుడు రెక్కలు సమంగా ఉన్నాయో, ఒరిగాయో పైలట్‌కి చెప్పేది ఆ డయలే. గొట్టం మూసుకుపోతే అది అబద్ధం చెబుతుంది.

ఆరేళ్ల కిందట దసరా శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం రహమతుల్లా జుమ్మా నమాజుకి వెళ్లాడు. అతను తిరిగొచ్చేలోపే పైలట్ వెంకటసుబ్బారావు విమానం లేపాడు. పైన దట్టంగా మబ్బు పట్టింది. విమానం కంకిపాడు అవతల వరిచేలో పడింది.

అక్కడికి అందరికన్నా ముందు చేరింది రహమతుల్లాయే. గొట్టంలో పాత కందిరీగ గూడు అడ్డుపడిందనీ, చూసుకోకపోవడం తన తప్పేననీ రాసి సంతకం పెట్టాడు. నమాజుకి పోయి ఒక ప్రాణం తీశాడని ఊళ్లో నోరున్నవాళ్లంతా అన్నారు. మొదట్లో అతనికి ఏడుపొచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు.

నాలుగున్నరకి ఛాయాదేవి వచ్చింది. వెంకటసుబ్బారావు భార్య. ఏటా దసరాకి ముందు వస్తుంది. కూర్చోదు. మంచినీళ్లిచ్చినా ముట్టదు.

"మీకు లైసెన్సు మళ్లీ ఇస్తారటగా?"

"లేదమ్మా."

"ఇవ్వకూడదు. ఆ రోజు మీరటు వెళ్లగానే ఆ విమానానికి నా చేతుల్తో పూజ చేశాను. దేంట్లోనూ లోటు చెయ్యలేదు. మీరు పొద్దున ఒక్కసారి వంగి చూసుంటే మా ఆయన బతికేవారు."

"అవునమ్మా. తప్పు నాదే."

ఛాయాదేవి వెళ్లబోతూ గుమ్మంలో వెనక్కి తిరిగింది.

"ఆ మాట వినడానికే వస్తానండీ. అది వింటేనే నాకు ఇంత నిద్ర పడుతుంది."

ఆమె ఆటో ఎక్కేదాకా రహమతుల్లా గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికొచ్చి గడియారం చూశాడు. అయిదు దాటింది. తిరుపతిరావు ఇచ్చిన కాగితంతో చేతికంటిన మసి తుడుచుకుని, పొయ్యిలో వేశాడు.

పనిముట్ల పెట్టె అడుగు నుంచి పాత జర్దా డబ్బా తీసి మూత తెరిచాడు.

ఆ రోజు వరిచేలోకి ఇంకెవరూ రాకముందే ఇత్తడి గొట్టంలోంచి అతను వేలితో లాగి తీసిన బంతిపువ్వు, కుంకుమతో సహా ఎండిపోయి అందులోనే ఉంది.