పావు చుట్టు

"మళ్ళీ మొదలైందయ్యా వణుకు," అన్నాడు డాక్టరు, కారు షెడ్డులోకి తెచ్చి ఆపుతూనే.

మెకానిక్‌కి ప్రాణం ఉసూరుమంది. ఈ నెలలో ఇది మూడోసారి.

అది డాక్టరు తండ్రి కొన్న కారు. యాభై ఏళ్ళు దాటినా ఒంటి మీద గీత లేదు. డ్రైవరు చేతికి కూడా ఇవ్వడు డాక్టరు. దానికొచ్చిన జబ్బల్లా ఒక్కటే. పరుగెడుతున్నంతసేపూ బాగానే ఉంటుందట. ఎక్కడైనా ఆగి, ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు మాత్రం స్టీరింగ్ వణుకుతుందట.

"ఇంజన్ ఆపకండి సార్. వేడి మీదుండగానే చూస్తాను."

బానెట్ ఎత్తి వంగేసరికి నడుము కలుక్కుమంది. అరవైకి దగ్గర పడ్డాడు. పైగా వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు. ఇంట్లో తల్లికి చూపు మసకబారి పగలూ రాత్రీ తేడా తెలియడం లేదు. గంటకోసారి "ఒరేయ్, తెల్లారిందా?" అని పిలుస్తుంది. పలక్కపోతే లేచి తడుముకుంటూ బయల్దేరుతుంది. మొన్న అలాగే గడపకి తగిలి పడింది.

కార్బొరేటర్ మీద రెండు స్క్రూలుంటాయి. ఒకటి వేగానికి, ఇంకోటి పెట్రోల్లో కలిసే గాలికి. మెకానిక్ కళ్ళు మూసుకుని, చెవి ఇంజన్ వైపు పెట్టి, మొదటి దాన్ని పావు చుట్టు తిప్పాడు. రెండో దాన్ని ఇంకాస్త తక్కువ. ముప్పై ఐదేళ్ళుగా ఆయనకి మీటర్ల అవసరం రాలేదు. వీధిలో అందరూ ఆయన్ని 'చెవి' అనే పిలుస్తారు.

"ఇప్పుడెలా ఉంది సార్?"

"అలాగే ఉంది."

ఇంకో పావు చుట్టు.

"ఇప్పుడో?"

"ఊహూఁ."

ప్లగ్గులు పోయినసారే మార్చాడు. ఇంజన్ కింది రబ్బర్లు అంతకు ముందుసారి మార్చాడు. ఇక మార్చడానికి ఏమీ మిగల్లేదు. విసుగును దిగమింగుకుని, గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి, తిరుగుతున్న ఇంజన్ మీద పెట్టాడు. నీళ్ళు చెక్కు చెదరలేదు.

"చూడండి సార్. కొత్త కారు కూడా ఇంత నిమ్మళంగా తిరగదు."

"నీ నీళ్ళ సంగతి నాకెందుకయ్యా? ఇందాక సిగ్నల్ దగ్గర ఆగితే, మోకాలి మీద పట్టుకున్న టీ సగం ప్యాంటు మీదకి ఒలికింది. ఇదిగో, మరక చూడు." డాక్టరు గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది. "నీకు వినబడకపోవచ్చు. నా చేతికి తెలుస్తోంది. ఎన్ని వేల కళ్ళకి ఆపరేషన్ చేసిన చేతులివి! వెంట్రుక కదిలినా పట్టేస్తాయి."

నిజమే. చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో ఆ చేతుల సంగతి తెలియని వాళ్ళు లేరు. అంతటి మనిషి మాట కాదనడం ఎలా? తప్పు తన చెవిదేనేమో. వయసు మీద పడుతోంది కదా. మెకానిక్ మళ్ళీ వంగాడు.

"వేగం బాగా తగ్గించి చూస్తాను సార్. కళ్ళు మూసుకుని, చేతులు ఊరికే స్టీరింగ్ మీద ఆనించి ఉంచండి. వణుకు ఎప్పుడు తగ్గితే అప్పుడు చెప్పండి."

డాక్టరు కళ్ళజోడు తీసి, సీటుకి వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. "హమ్మయ్య," అన్నాడు. "పొద్దుట్నుంచీ పదకొండు ఆపరేషన్లయ్యా. ఈ కాస్తసేపే విశ్రాంతి."

పక్క షెడ్డులో ఇనుము కోసే గ్రైండరు అందుకుంది. ఆ రొదలో ఇంజన్ చప్పుడే కాదు, మనిషి మాట కూడా సరిగ్గా వినబడటం లేదు. మెకానిక్ ఎడమ అరచెయ్యి ఇంజన్ మీద ఆనించి, కుడిచేత్తో స్క్రూ తిప్పాడు. పావు చుట్టు. ఇంకో పావు చుట్టు.

కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత చేతులు గుడ్డకి తుడుచుకుని, కిటికీ దగ్గరకొచ్చి గట్టిగా అడిగాడు.

"తగ్గిందా సార్?"

"లేదయ్యా. అలాగే ఉంది."

"స్టీరింగ్‌లోనేనా సార్?"

"మరెక్కడ? నువ్వూ ముట్టుకుని చూడు, తెలుస్తుంది."

మెకానిక్ ముట్టుకోలేదు. స్టీరింగ్ మీదున్న ఆ రెండు చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు.

"సర్లే, వచ్చే వారం చూద్దాం," అన్నాడు డాక్టరు కళ్ళు తెరవకుండానే. "నువ్వూ అలిసిపోయినట్టున్నావు. అన్నట్టు, రేపు పొద్దున ఆరింటికల్లా మీ అమ్మని తీసుకొచ్చెయ్. మొదటి ఆపరేషన్ ఆవిడదే."

"సార్... అమ్మకి రెండో కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్నది అదొక్కటే."

"తెలుసులేవయ్యా. నా చేతుల్లో పెట్టావుగా, ఇంక నిశ్చింతగా ఉండు."



ఆ చివరి పావు చుట్టుకే ఇంజన్ ఆగిపోయి అప్పటికి రెండు నిమిషాలైంది.