సీసా మీద ఎప్రెమ్ తాత

నల్లబట్టల ముసలావిడ మెట్లు దిగి లోపలికి వచ్చింది. సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. సీసా లేబుల్ మీద ఎప్రెమ్ తాత నవ్వుతున్నాడు.

బార్ నడిపే నెస్తాన్‌కి పైప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ మక్వాలా, ఎప్రెమ్ తాత భార్య. నాలుగేళ్ల కిందట కఖేతి పల్లెలో, తాత శవపేటిక పక్కన చూడటమే. మళ్లీ ఇప్పుడే.

"మా ఊరి డాక్టరమ్మ త్బిలిసి వచ్చినప్పుడు కొని తెచ్చింది దీన్ని," అంది మక్వాలా. "దీని మీద పోయినేడాది కోత అని రాసుందట. నిజమేనా పిల్లా? నాలుగేళ్ల కిందట పోయినవాడు పోయినేడాది ద్రాక్ష ఎట్లా తొక్కాడు?"

"ముందు కూర్చోండి మామ్మా. ఎండన పడి వచ్చారు," అంది నెస్తాన్.

త్బిలిసిలో ఈ సొలొలాకి పేట వీధుల్లో అడుగుకో వైన్ బార్ ఉంది. అన్నీ దాటుకుని జనం ఈ నేలమాళిగలోకి దిగేది ఎప్రెమ్ వైన్ కోసమే. మట్టిలో మెడదాకా పూడ్చిన బానలో, తొక్కలతో గింజలతో ఆరునెలలు ఊరిన తేనెరంగు వైన్. మొదట నాలుకకి వగరు తగులుతుంది. మింగాక ఎండు ఆప్రికాట్ తీపి మిగులుతుంది. ఏటా వసంతంలో తాతే స్వయంగా తెచ్చి దించేవాడు.

ఆయన పోయినప్పుడు నెస్తాన్ వెళ్లి, మక్వాలాని పట్టుకుని ఏడ్చింది. "ఇంక ఈ ఇంటి వైన్ తాగే యోగం లేదు కదా మామ్మా" అంది. మక్వాలా ఏదో అనబోయి, చుట్టూ ఉన్న చుట్టాలని చూసి ఊరుకుంది.

తిరిగొచ్చాక చూస్తే అరలో తాత బొమ్మ లేబుళ్లు కట్టలు కట్టలుగా మిగిలి ఉన్నాయి. వైన్ లేదు. జనం ఎప్రెమ్ వైన్ ఉందా అని అడగటం, లేదనగానే మెట్లెక్కి వెళ్లిపోవటం. ఆ శీతాకాలం బార్‌లో ఈగలు తోలుకోవటమే అయింది.

వసంతంలో బద్రి అనే వ్యాపారి వ్యానులో ఊరూ పేరూ లేని వైన్ తెచ్చాడు. నెస్తాన్ తాగి చూసింది. అచ్చం తాత వైన్‌లానే అనిపించింది. తప్పు చెయ్యాలనుకున్నప్పుడు నాలుక కూడా దొంగసాక్ష్యం చెబుతుంది అనుకుంది.

తాత లేబుల్ ఒక్క సీసాకే అంటిద్దాం అనుకుంది. అంటించేటప్పుడు తాత మొహంకేసి చూడలేదు. మరుసటి ఏడాది చూస్తూనే అంటించింది. లేబుళ్లు అయిపోతే మళ్లీ అచ్చు వేయించింది.

కానీ ఎవరైనా ఆ వైన్ మెచ్చుకుంటే చాలు, లోపల ఎక్కడో చురుక్కుమనేది. ఇవాళ ఆ మెచ్చుకునే పని జుంబెర్ మాస్టారు పెట్టుకున్నాడు. ఆయన బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. రోజూ మధ్యాహ్నం ఇక్కడే, దూరంగా మూల బల్ల దగ్గర ఉంటాడు. వీళ్ల మాటలు వినపడకపోయినా, మక్వాలా ముందున్న సీసా చూసి హుషారుగా గ్లాసెత్తి లేచి నిలబడ్డాడు.

"ఎప్రెమ్ తాతకి గౌమర్జోస్! నిండు నూరేళ్లు బతకాలి, మనకిలాగే పొయ్యాలి!"

నెస్తాన్‌కి భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది.

"మీరూ పుచ్చుకోండి అమ్మగారూ," అన్నాడు మాస్టారు మక్వాలాతో. "ఈ ఊళ్లో నేను దిగని బార్ లేదు. మిగతావాళ్లు పులిసిన రసం అమ్ముతున్నారు. వైన్ అంటే ఈ ముసలాయనదే!"

"ఎట్లాంటివాడంటారు ఆయన?" అంది మక్వాలా.

"మొండివాడై ఉంటాడు. మొండివాళ్లకే కుదురుతుంది ఇలాంటి వైన్."

"మొండే," అంది మక్వాలా. "శానా మొండి."

"మాస్టారూ, మీ బస్సు వెళ్లిపోతుంది," అంది నెస్తాన్.

"పోనీలెద్దూ, ఇంకో గ్లాసు తాగుతా."

"బాబ్బాబు, ఇవాళ్టికి వెళ్లండి!"

ఆ గొంతు విని మాస్టారు టోపీ పెట్టుకుని మెట్లెక్కాడు.

బార్‌లో ఇద్దరే మిగిలారు. మక్వాలా సీసాని ముందుకు జరిపింది.

"మూత తియ్యి పిల్లా. నేనింకా తాగలేదు. ఆయన బొమ్మ చూశాక ఇంట్లో తియ్యబుద్ధి కాలేదు."

నెస్తాన్ మూత తీసి మట్టి గిన్నెలో పోసింది. మక్వాలా వాసన చూసింది. ఒక గుక్క తాగి, నోట్లో పట్టి ఉంచి, కళ్లు మూసుకుంది. ఎంతకీ తెరవలేదు.

నెస్తాన్ ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూలబడింది.

"తప్పయిపోయింది మామ్మా! ఇది తాతది కాదు. మూడేళ్లుగా ఎవరిదో వైన్‌కి ఆయన మొహం అంటించి అమ్ముతున్నా. తిట్టండి, కొట్టండి, పడతాను."

"ఎవరు తెస్తారు నీకిది?"

"బద్రి అని, ఆకుపచ్చ వ్యాను. ఎవరి దగ్గర కొంటాడో ఎప్పుడూ అడగలేదు. అడిగే మొహం ఏదీ నాకు?" నెస్తాన్ వెక్కుతూ అంది. "ఇవాళే ఆ బొమ్మలన్నీ చింపేస్తాను. చచ్చి స్వర్గాన ఉన్నవాడి చేతికి మచ్చ తెచ్చాను."

మక్వాలా గిన్నెలో మిగిలింది కూడా తాగేసింది. నెస్తాన్ తల మీద చెయ్యి వేసింది.

"బద్రికి పోసేదాన్ని నేనే పిల్లా, మా ఆయన మోసుకొచ్చి నీకు దించిందీ నేను చేసిందే, ఆడదాని చేతి వైన్ ఎవడు కొంటాడని పేరు ఆయనది చెప్పుకున్నాం గానీ, ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి బానలో వేలు పెట్టి ఎరగడు."