గోడ మీది ధర

మునిరామయ్య మామిడి తోట ముందు పాత లారీ ఒకటి ఆగింది. వెలిసిపోయిన లుంగీ కట్టుకున్న మనిషి దిగి, అడక్కుండానే ఒక తోతాపురి కాయ తెంపి కొరికాడు.

"కిలో ఐదు రూపాయలకు ఇస్తావా అప్పా? కోత కూలి నాదే. ఈ పొద్దే ఎత్తుకుంటా" అన్నాడు.

మునిరామయ్యకు ఒళ్లు మండింది. ప్రభుత్వం ఎనిమిది రూపాయలని ధర కట్టింది. అంతకు తక్కువకు కొంటే నేరమని, ఫిర్యాదుకు ఫోన్ నంబరుతో సహా పంచాయతీ ఆఫీసు గోడ మీద రాశారు. ఫ్యాక్టరీకి తోలుకోమని అతనికి టోకెన్ కూడా ఇచ్చారు. ఆ మూడెకరాల కాయే ఇంటికి ఏడాది తిండి.

"గోడ మీద రాసుండేది సూడలేదా?" అన్నాడు.

"సూసినా. రాసినోడు కాయ కొనడు గదప్పా. నా రేటు నచ్చకుంటే ఇయ్యొద్దు, నా దోవన నేను పోతా. మనిద్దరి బేరంలో మూడోవాడికి ఏం పని?"

ఇచ్చేద్దామని భార్య జ్ఞానాంబ బతిమాలింది. కోసిన కాయ ఎవరి కోసమూ ఆగదంది. మునిరామయ్య వినలేదు. రైతు కడుపు కొట్టే దళారీని వదలకూడదని, గోడ మీది నంబరుకు ఫోన్ చేశాడు.

అధికారులు ఆ రోజు మాత్రం గంటలో వచ్చారు. కేసు రాసి లారీని స్టేషనుకు తోలించారు. ఆ మనిషి గొడవ చేయలేదు. జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"ఫ్యాక్టరీ కాడ లైన్లో కాయల మీద టార్పాలిన్ పట్ట కప్పొద్దప్పా. లోపల ఉడికిపోతాయి."

దొంగ కూడా సలహాలిస్తాడా అని మునిరామయ్య నవ్వాడు.

మరునాడే కాయంతా కోయించి ట్రాక్టరుకు ఎత్తించాడు. ఫ్యాక్టరీ ముందు లైను రెండు కిలోమీటర్లుంది. ఆ ధరకైతే రోజుకు పది బండ్లు చాలని ఫ్యాక్టరీవాళ్లు అన్నారు. ఎండకు భయపడి అతను టార్పాలిన్ పట్ట కప్పాడు. మూడో రోజుకు ట్రాలీ కింద రసం కారింది. ఐదో రోజు గేటు దగ్గర పట్ట ఎత్తి చూసి, వెనక్కి తోలుకోమన్నారు. గోడ మీది నంబరు మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు.

కాయలన్నీ రోడ్డు పక్క గుంతలో పారబోసి, మునిరామయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు.

వెనక ట్రాక్టరు రైతు కుప్పయ్య నీళ్ల సీసా తెచ్చిచ్చాడు. పట్ట కప్పొద్దని ఎవరూ చెప్పలేదా అని అడిగాడు.

"మా ఊరి కాయ వెంకటముని ఎత్తుకుంటా ఉన్న్యాడు. వారం ముందర ఎవరో ఆయన లారీని పట్టిచ్చినారు. లేకుంటే నాకీ లైన్లో ఏం పని?" అన్నాడు కుప్పయ్య.

మునిరామయ్య నీళ్ల సీసా కింద పెట్టాడు. "ఆయన దళారీ గదా?"

"దళారీ యాడప్పా. పోయినేడు పట్ట కప్పి, ఉడికిన కాయంతా ఈ గుంతలోనే పారబోసిన రైతు. ఇంకొకరు ఈడ పారబోయకూడదని తోట అమ్మి ఆ లారీ కొన్న్యాడు."