గెడ్డలో పీతలు

"ముందా రాయి కింద పడెయ్యి!" జీపు దిగుతూనే నర్సు తెరిసమ్మ కేకేసింది.

ఊరిపెద్ద సోంబరు పడెయ్యలేదు. ఊరి వాగైన గెడ్డ ఒడ్డున అసిరమ్మను ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు విరిచి పట్టుకున్నారు. పీతలు పట్టుకుని పొట్ట పోసుకునే ముసలిది.

"ఇది సిల్లంగి పెట్టింది నర్సమ్మా. ముందరి పళ్లు రాలగొడితేగాని దీని మంత్రం ఆగదు."

"ఏం చేసిందని?"

"నీల్లు సూడు."

తెరిసమ్మ చూసింది. రాళ్ల సందుల్లో పీతలు, రొయ్యపిల్లలు వెల్లకిలా తేలి కుళ్లుతున్నాయి. ఈ వానాకాలమంతా గంజిలోకి ఊరికి అవే దిక్కు.

"ఎప్పట్నుంచి ఇలా?"

"పోయిన సంత మర్నాటి నుండి. నువ్విచ్చిన గజ్జి మందు ఊరంతా రాసుకున్నాం, తెల్లారి ఈడే ములిగినాం. మందు బంగారం! పిల్లల పుళ్లు మానిపోనాయి. మాకు బాగైతే దీని కళ్లు కుట్టినాయి. గెడ్డని సంపేసింది."

తెరిసమ్మ చుట్టూ చూసింది. ఒడ్డునిండా ఖాళీ సీసాలు. నీళ్లలో ఇంకా ఆ మందు వాసన. "ఒళ్లంతా రాసుకుని మర్నాడు గెడ్డలో శుభ్రంగా మునగండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది తనే. గజ్జి పురుగుని చంపే మందు పీతని వదిలిపెడుతుందా? చదువుకున్నదన్న పేరే గాని ఆపాటి ఆలోచన లేకపోయింది. సిగ్గుతో తల వాలిపోయింది. అయినా చెప్పక తప్పదు.

"సోంబరూ, ఆమె తప్పేం లేదు. ఆ పీతల్ని చంపింది..."

"నానే!" అసిరమ్మ గొంతు చించుకుని అరిచింది. "సిల్లంగి నానే పెట్టినాను!"

గుంపు హోరెత్తింది. సోంబరు రాయెత్తాడు. తెరిసమ్మ పరుగున వెళ్లి ముసలిదాన్ని పొదివి పట్టుకుంది.

"పిచ్చిదానా! చెయ్యని పాపం ఎందుకు నెత్తినేసుకున్నావు?"

అసిరమ్మ ఆమె చెవిలో గొణిగింది.

"దినం నీటిలోనే ఉంతాను, మందు పనేనని నాకెరికే. నువ్వా మాట సెప్పేవంటే నీ మందు సీసాలన్నీ పగలగొట్టేత్తారమ్మా, ఇంక ఊర్లోకి రానియ్యరు... నా మనవరాలు గుంట, ఏడాది తరవాత ఈ వారమే గోక్కోకుండా నిద్దరోతంది."