పట్టని అతుకు

"అది పట్టలేదు బిడ్డా. కిందికి పోకు."

డీసీఎం వ్యాను కిందికి దూరబోతున్న రంజిత్ తల తిప్పి చూశాడు.

షెడ్డు ముందు ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎన్నడూ చూసిన మనిషి కాదు.

"ఏం పట్టలేదు?"

"స్టాండు కాలుకు వెల్డింగ్. పైపైన అంటింది. లోపలికి దిగలేదు."

రంజిత్‌కు చుర్రుమంది.

మొయినాబాద్‌లో, చేవెళ్ల రోడ్డు పక్కన సొంత షెడ్డు పెట్టి ఇంకా నెల కాలేదు. పాత బోరు పైపులు కోసి, లావు పైపులో సన్న పైపు దూర్చి, కావలసిన ఎత్తులో పిన్ను పెట్టి నిలుపుకునేలా బెజ్జాలు వేసి, రెండు స్టాండ్లు తానే తయారు చేసుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయాడు. వాటి మీదికి మొదటి బండి ఎక్కింది ఈరోజే.

"నువ్వేమన్న మెకానిక్‌వా?"

"కాదు."

"మరి నీకెట్ల ఎరుక?"

ముసలాయన వంగి ఆ అతుకునే చూస్తున్నాడు.

బండి ఓనరు బాల్‌రాజ్ తొందరపడుతున్నాడు.

"జర జల్ది కానియ్ రంజిత్. చామంతి లోడున్నది. ఎండకు కమిలిపోతది."

ఇరుసును పట్టి ఉంచే కమాన్ పట్టీల బోల్టు విరిగి వెనక ఇరుసు పక్కకు జరిగింది. చక్రాలు విప్పేసి, బండిని రెండు స్టాండ్ల మీద నిలిపాడు. ఇక కిందికి వెళ్లి బిగించడమే మిగిలింది.

ముసలాయన విప్పిన చక్రాన్ని దొర్లించుకొచ్చి బండి కింద పండబెట్టాడు.

"గిదన్న ఉండనియ్. బండి జారితే ఆపుతది."

"నాకు అడ్డమైతది!"

రంజిత్ దాన్ని కాలితో బయటికి నెట్టాడు. ముసలాయన మళ్లీ లోపలికి జరిపాడు.

రంజిత్ ఆయన రెక్క పట్టుకుని రోడ్డు దాకా లాక్కెళ్లి విసురుగా వదిలాడు. ముసలాయన తూలి, మట్టిలో కూలబడ్డాడు.

"ఇంకోసారి లోపలికొస్తే మంచిగుండది!"

"తిట్టు, కొట్టు. కిందికి మాత్రం పోకు."

రంజిత్ చక్రాన్ని పక్కకు తోసి, బండి కిందికి దూరాడు.

వెల్లకిలా పడుకుని పానా పట్టాడు. పట్టి లాగిన ప్రతిసారీ బండి సన్నగా ఊగుతోంది. పూల మీద చల్లిన నీళ్లు ఒక్కో చుక్కా మొహం మీద పడుతున్నాయి.

ఒక బోల్టు బిగిసింది.

రెండోది బిగిస్తుండగా 'టిక్'మంది.

తల తిప్పాడు. ఎడమ స్టాండు కాలు దగ్గర, వెల్డింగ్ వెంబడి, వెంట్రుకంత సందు తెరుచుకుంటోంది.

పానా వదిలేసి పక్కకు దొర్లబోయాడు.

ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు. పక్కనుంచి చక్రం లోపలికి దూసుకొచ్చింది.

ఆ వెంటనే బండి కూలింది.

రంజిత్ కళ్లు తెరిచేసరికి ఇరుసు అతని ఛాతీకి జానెడు పైన ఆగి ఉంది. బండి బరువంతా చక్రం మీదే ఉంది.

చక్రానికీ బండికీ మధ్య ముసలాయన కుడిచెయ్యి నలిగిపోయి ఉంది.

"నువ్వు... బయటికి రా బిడ్డా," అన్నాడాయన పళ్లబిగువున.

రంజిత్ పాకుతూ బయటపడ్డాడు. బాల్‌రాజ్‌తో కలిసి జాకీ పెట్టి బండి లేపి, చెయ్యి విడిపించాడు.

దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు. పేరు అడిగితే శంకరయ్య అని, ఊరు చేవెళ్ల అని చెప్పాడు. ఇంటివాళ్లకు ఫోన్ చేస్తామంటే వద్దన్నాడు.

రంజిత్ ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"తప్పైంది తాతా."

శంకరయ్య ఉలిక్కిపడి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు బిడ్డా. నాకు మొక్కకు."

"నా షెడ్డు కాడికి ఎందుకొచ్చినవ్ తాతా?"

"సొంతంగ స్టాండ్లు చేస్తున్నవని బస్సుల ఎవరో అనుకుంటుంటే విన్న. ఇంట్ల కూసోబుద్ధి కాలే."

అంతకు మించి ఏం అడిగినా కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం రంజిత్ తల్లి సత్తమ్మ అన్నం గిన్నెతో వచ్చింది. ఇరవైనాలుగేళ్ల కింద చేవెళ్ల నుంచి ఇలాగే కబురొచ్చింది, రిపేరు చేస్తుంటే మీద లారీ పడ్డదని. ఆ రోజు ఆమె భర్త శవమై ఇంటికొచ్చాడు. అప్పటికి రంజిత్‌కు ఏడాది. అందుకే, కొడుకు క్షేమమని ఫోన్లో విన్నా ఆమె నమ్మలేదు. వచ్చీరాగానే కొడుకు ఒళ్లంతా తడిమి చూసుకుంది.

"నిన్ను కాపాడినాయన ఏడి?"

రంజిత్ మంచం వైపు చూపించాడు.

సత్తమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది.

శంకరయ్య ఆమెను చూసి లేవబోయాడు. చేతకాలేదు. తల దించుకున్నాడు.

సత్తమ్మ ఆయన చేతి కట్టు వైపు చూసింది.

సత్తమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. గిన్నె మూత తీసి, అన్నం కలిపి, ముద్ద ఆయన నోటి దగ్గర పెట్టింది.

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"తిను," అంది.

శంకరయ్య కన్నీళ్లతోనే తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె లేవలేదు.

చెయ్యి కడుక్కోవడానికి బయటికొచ్చిన తల్లిని రంజిత్ అడిగాడు.

"అవ్వా, ఆయన నీకెరుకనా?"

సత్తమ్మ నల్లా కట్టేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఎరుకనే. మీ బాపు పానం తీసిన స్టాండుకు వెల్డింగ్ పెట్టింది ఈ శంకరయ్యనే బిడ్డా."