అమ్మ చూసిన ఫుట్‌సాల్

"ఆట మొదలైన కాసేపటికే నిన్ను బయటికి పిలిచేశాడేంట్రా మీ కోచ్?" డ్రెస్సింగ్ రూమ్ బయట కొడుకుని నిలదీసింది అమ్మ.

"అబ్బా, మెల్లగా! ఫుట్‌సాల్ అంటే అంతేనమ్మా. చిన్న కోర్టులో జట్టుకి ఐదుగురే ఆడే ఫుట్‌బాల్, ఊపిరాడదు. అందుకే అందర్నీ మారుస్తూ ఉంటారు."

క్లబ్బులో చేరినప్పటినుంచీ ఇంటిల్లిపాదికీ వాడు అప్పజెబుతున్న పాఠమే అది.

"అది నాకూ అర్థమైందిలే. బయటికొచ్చినవాళ్ళంతా నీళ్ళు తాగి మళ్ళీ లోపలికెళ్ళారు. నువ్వొక్కడివే సీసాలు అందిస్తూ కూర్చున్నావు."

వాడు బ్యాగు జిప్పు విసురుగా లాగాడు. తనను పక్కన పెట్టేశారని వాడికి తెలియక కాదు. అమ్మ కనిపెడుతుందనుకోలేదు.

"ఎందుకో అడిగావా?"

"అడిగితే ఏం చెప్తాడో ఏమో!"

"పోనీ, నన్ను అడగమంటావా?"

"వద్దు తల్లీ!"

బ్యాగు ఆవిడ చేతిలో పెట్టి, వెళ్ళి కోచ్ గది తలుపు తట్టాడు.